వియన్నానా బుడాపెస్టా: మూడు రాత్రుల ట్రిప్పుకి మూడు వారాల గొడవ

నవంబర్ రెండో వారంలో శనివారం మధ్యాహ్నం దిగాలి, మంగళవారం సాయంత్రం తిరుగు ఫ్లైట్ ఎక్కాలి. లెక్కకి మూడు రాత్రులు. ఈ మాత్రం ట్రిప్పుకి ఏ ఊరెళ్ళాలో తేల్చుకోడానికి మా ఇంట్లో మూడు వారాలు పట్టింది. వియన్నా అని నేను, బుడాపెస్ట్ అని మా ఆవిడ. అమ్మ మా దగ్గరికొచ్చి అప్పటికి రెండు నెలలు, ఆవిడ ఓటు ఎటూ పడలేదు. "నాకెక్కడైనా ఒకటే నాన్నా, మెట్లెక్కించకుండా ఉంటే చాలు" అంది. మేమున్న చోటి నుంచి రెండింటికీ డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, టికెట్ రేటు కూడా దగ్గర దగ్గరే, అమ్మ షెంజెన్ వీసా రెండు చోట్లా చెల్లుతుంది. అంటే ఏదో ఒకటి కుదరక రెండోది ఖాయమయ్యే అదృష్టం కూడా లేదన్నమాట.

నా వియన్నా పిచ్చికి కారణం ముందే చెప్పేస్తా. చదువుకునే రోజుల్లో ఒక పాత క్యాలెండర్ నుంచి చింపి గోడకి అంటించుకున్న బొమ్మ ఒకటుండేది. మంచులో ముగ్గురు వేటగాళ్ళు కుక్కలతో ఇంటికి తిరిగొస్తుంటారు, అంతమంది వెళ్ళి సంపాదించింది ఒక్క నక్క, కింద లోయలో గడ్డకట్టిన చెరువు మీద జనం హాయిగా జారుతూ ఆడుకుంటుంటారు. పీటర్ బ్రూగల్ 1565లో వేసింది. ఆ నీరసంగా నడిచే కుక్కల్ని చూస్తే నాకెందుకో పరీక్షలు రాసి హాస్టల్‌కి వస్తున్న మా బ్యాచ్ గుర్తొచ్చేది. దాని అసలు పటం వియన్నాలో కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉంది, అదే గదిలో ఇంకో పదకొండు బ్రూగల్ పటాలున్నాయి, ఆయనవి అన్ని ఒక్కచోట ఇంకెక్కడా లేవు. సరే, ఇది నాకు ముఖ్యం గానీ ఇంట్లో మిగతా ఇద్దరికీ ఏం పడుతుంది. మా ఆవిడకి కావల్సింది చీకటి పడ్డాక నది ఒడ్డున లైట్లు. ఎవరి పిచ్చి వాళ్ళది.

ముందు అందరూ చేసే పనే మేమూ చేశాం, తెలిసినవాళ్ళని అడిగాం. దీనివల్ల పైసా ఉపయోగం లేదని మూడో ఫోన్‌కే అర్థమైంది. ఒకటే చూసినవాళ్ళు తాము చూసిందే గొప్పంటారు, రెండూ చూసినవాళ్ళు "రెండూ దేనికదే, పోల్చలేం" అంటారు. మనకి కావల్సింది పోల్చడమే కదండీ! ఒకాయనైతే ఈ రెండూ కాదు, ప్రాగ్ వెళ్ళండన్నాడు, ఆయనకి థాంక్స్ చెప్పి పెట్టేశా.

అసలు ఈ రెండూ ఎందుకు తేలవంటే, ఒక తల్లి పిల్లల్లాంటివి. 1867 నుంచి 1918 దాకా రెండూ ఆస్ట్రియా-హంగరీ అనే ఒకే రాజ్యానికి రెండు రాజధానులు. వియన్నాలో పాత కోట గోడలు కొట్టేయమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆర్డరిచ్చాక ఆ ఖాళీలో రింగ్ రోడ్డు, దాని పొడుగునా పెద్ద పెద్ద భవనాలు వచ్చాయి. ఇక్కడ బుడా, ఓబుడా, పెస్ట్ అని విడివిడిగా ఉన్న ఊళ్ళని 1873లో కలిపి బుడాపెస్ట్ చేశారు, తర్వాత పోటీపడి వాళ్ళూ కట్టుకున్నారు. ఫోటోలు పక్కపక్కన పెట్టుకు చూస్తే నాకు ఒక్కోసారి ఏది ఏ ఊరో కూడా తెలిసేది కాదు. ఒక్క తేడా మాత్రం మ్యాప్ తెరిచిన రోజే కొట్టొచ్చినట్టు కనబడింది. డాన్యూబ్ నది రెండు ఊళ్ళకీ ఉందంటారు గానీ, వియన్నాలో పెద్ద నది ఊరి నడిబొడ్డుకి దూరంగా పోతుంది, పాత ఊరి పక్కన తగిలేది డాన్యూబ్ కాలువ. బుడాపెస్ట్‌లో ఊరి మధ్యలోంచే పోతుంది, ఒక ఒడ్డు మీద కొండ, ఇంకో ఒడ్డు మీద మైదానం. ఇది చూపించగానే మా ఆవిడ "నేను మొదట్నుంచీ చెప్తున్నదేంటండీ మరి" అంది.

ఇక నా మార్గం, ఎక్సెల్. నవ్వకండి. ఎనిమిది వరసలు పెట్టా, చూసేవి, నడక, హోటల్ రేటు, తిండి, వర్షం వస్తే ఏంటి గతి, ఇట్లా, ఒక్కోదానికి ఒక వెయిట్. అమ్మ మోకాళ్ళకి వెయిట్ 3. మొదటిసారి కూడితే వియన్నా 74, బుడాపెస్ట్ 73 వచ్చింది. మా ఆవిడ వచ్చి చూసి "మ్యూజియంలకి 3 ఎవరిచ్చారు, అత్తయ్యగారూ మీరిచ్చారా" అని అమ్మని అడిగింది, అమ్మ టీవీ చూస్తూ "నేనెందుకిస్తానమ్మా" అంది. అది 1 చేసేసరికి బుడాపెస్ట్ ముందుకొచ్చేసింది. అప్పుడు నేను ఊరుకోకుండా, వియన్నాలో యూ-బాన్, అంటే మెట్రో, స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్నాయి, పాత ఊరంతా చదునుగా ఉంటుంది, మోకాళ్ళ వరసలో దానికి ఇంకా ఎక్కువ రావాలి అని మళ్ళీ పెంచా. ఇట్లా వారం నడిచింది. మార్కులేసేదీ మనమే పేపర్ దిద్దేదీ మనమే అయినప్పుడు ఎవరు పాసవ్వాలో ముందే అనుకుని కూర్చుంటాం, ఆ షీటుకి నేను చేసింది అదే.

ఈ మధ్యలో "రెండూ చూసేద్దాం" అనే దెయ్యం పట్టింది. వియన్నా నుంచి బుడాపెస్ట్‌కి రెయిల్‌జెట్ రైల్లో రెండు గంటల నలభై నిమిషాలే, ఒకటిన్నర రోజు అక్కడ, ఒకటిన్నర రోజు ఇక్కడ, ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కడం. వినడానికి ఎంత బావుందో! రెండు రోజులు ఇద్దరం గొడవ మానేసి మహా సంతోషంగా ఉన్నాం. తర్వాత ఒక రాత్రి కూర్చుని గంటలు లెక్కేశా. రోజులు కాదు, గంటలు. ట్రిప్పు లెక్క గంటల్లో చూడాలని ఆ రోజుదాకా నాకు తట్టలేదు.

లెక్క ఇదీ. నవంబర్ మధ్యలో అక్కడ సాయంత్రం సుమారు నాలుగుంపావుకి సూర్యుడు దిగిపోతాడు, బుడాపెస్ట్ తూర్పున ఉంది కాబట్టి అక్కడ ఇంకో పది నిమిషాలు ముందే. అమ్మ తెమిలి బయటపడేసరికి ఎట్లా చూసినా పదవుతుంది. అంటే రోజుకి మాకు వెలుగున్న టైం ఆరు గంటలు. ఇప్పుడు ఊరు మారే రోజు చూడండి, పదింటికి హోటల్ ఖాళీ చెయ్యాలి, సామాన్లతో స్టేషన్, అరగంట ముందు చేరకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు, రైలు, దిగాక మళ్ళీ సామాన్లతో హోటల్, చెక్-ఇన్ మూడింటికి. పది నుంచి మూడు. సూర్యుడు మాకిచ్చిందే ఆరు గంటలైతే అందులో ఐదు సూట్‌కేసులకే సరి. అదీ కాక ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కే టికెట్ ఎక్కువ పడుతోంది. రెండూ అన్న మాట ఆ రాత్రే పోయింది, కొంచెం బాధేసింది కూడా, దగ్గర్లో ఉన్న ఊరిని వదిలేయడం దూరంగా ఉన్న ఊరిని వదిలేయడం కన్నా కష్టం.

కానీ ఆ గంటల లెక్క వల్ల అసలు ప్రశ్న మారిపోయింది. అప్పటిదాకా మేమడుగుతున్నది ఏ ఊరు బావుంటుంది అని. ఇప్పుడు, నాలుగుంపావుకి చీకటి పడిపోయే మూడు రోజుల్లో, శని ఆది సోమ వారాల్లో, మెట్లెక్కలేని మనిషితో ఏ ఊరు బావుంటుంది అని. ఇట్లా అడిగితే సగం చిక్కుముడి అదే వీడింది. షోన్‌బ్రున్ రాజభవనంలో 1441 గదులున్నాయంటారు, జనానికి చూపించేవి కొన్నే అనుకోండి, కానీ దాని అందం సగం తోటల్లోనే ఉంది, నవంబర్‌లో తోట మోడువారి ఉంటుంది. ఆదివారం వియన్నాలో షాపులు మూత, నాష్‌మార్క్‌ట్ అనే పెద్ద బజారు మూత. సోమవారం నా బ్రూగల్ ఉన్న మ్యూజియం మూత. అన్నీ మూతే అని చెప్పను, బెల్వెడేర్ అనే ప్యాలెస్ మ్యూజియం, షోన్‌బ్రున్ రోజూ తెరిచే ఉంటాయి, ఆదివారం వెళ్తే బ్రూగల్ కూడా దొరుకుతాడు. కానీ అప్పుడు ఆ ఒక్క పూర్తి ఆదివారం అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి నేను కుక్కల బొమ్మ చూస్తుండాలి. బుడాపెస్ట్ అంటారా, చీకటి పడ్డాకే దాని అసలు అందం, నది అటూ ఇటూ లైట్లు, అంటే నాలుగుంపావుకి రోజు అయిపోదు, మొదలవుతుంది. హోటల్ కూడా ముగ్గురికి ఒక గది చూస్తే నాకు దాదాపు మూడో వంతు తక్కువకి దొరికింది.

ఆఖరి దెబ్బ మా ఆవిడదే. "అక్కడ నేలలోంచి వేడి నీళ్ళొస్తాయటండీ, సెచెన్యీ అని 1913 నాటి స్నానాల భవనం, ముప్పై ఎనిమిది డిగ్రీల నీళ్ళల్లో ఆరుబయట కూర్చోవచ్చు, అత్తయ్యగారి మోకాళ్ళకి మంచిది కదా" అంది. నేను మోకాళ్ళకి 3 వెయిట్ ఇచ్చుకుని కూర్చున్నా కదా, ఇంక మాట్లాడ్డానికేముంది. అమ్మని అడిగితే "వేడి నీళ్ళా, మంచిదేగా" అంది. బుక్ చేసేశాం. మా ఆవిడ అమ్మ కోసం చేతులు కాళ్ళు మొత్తం కప్పేలా ఉండే ఈత డ్రెస్ కూడా ఆర్డర్ పెట్టింది.

దిగగానే మొదటి తప్పు నాది. ఎయిర్‌పోర్ట్‌లో తెలివిగా ముగ్గురికీ 72 గంటల పాస్ కొనేసి, ఊరి మధ్యకి వెళ్ళే 100ఈ బస్సు ఎక్కబోతే ఆ పాస్ దానికి పనికిరాదు, ఆ బస్సుకి టికెట్ వేరే. మళ్ళీ మెషిన్ దగ్గరికి పరుగు. ఇంకోటి, కార్డు గీకేటప్పుడు మెషిన్ "మీ కరెన్సీలో తీసుకోమంటారా" అని మర్యాదగా అడుగుతుంది, వద్దని అక్కడి డబ్బు, ఫోరింట్‌లోనే కట్టాలి, లేకపోతే వాళ్ళ రేటు వాళ్ళిష్టం. యూరోకి దగ్గర దగ్గర నాలుగొందల ఫోరింట్లు, కాఫీ బిల్లు కూడా వేలల్లో వస్తుంటే అమ్మ ప్రతిసారీ ఉలిక్కిపడేది.

హోటల్ డెయాక్ స్క్వేర్ దగ్గర. శనివారం చీకటి పడ్డాక పార్లమెంట్ భవనాన్ని నదికి అవతలి ఒడ్డు నుంచి, బట్యానీ స్క్వేర్ నుంచి చూడాలని ప్లాన్, మెట్రో 2 ఎక్కితే రెండో స్టాపే. కిందికి దిగే ఎస్కలేటర్ దగ్గర మా ప్లాన్ ఆగిపోయింది. ఆ ఎస్కలేటర్లు నేను చూసిన వాటిల్లోకల్లా పొడుగు, వేగం కూడా ఎక్కువ, కింద మనుషులు చీమల్లా కనబడుతున్నారు. అమ్మ రెయిలింగ్ పట్టుకుంది, కాలు ముందుకి పెట్టింది, తీసేసింది, మళ్ళీ పెట్టింది, మెట్టు జారిపోయింది, తీసేసింది. వెనక జనం. "ఒరేయ్ నా వల్ల కాదురా, ఇది నన్ను లాక్కుపోతుంది" అంది. ఎక్సెల్‌లో నడక అని ఒక వరస ఉంది, మెట్లు అని ఒక వరస ఉంది, పరిగెత్తే మెట్లు అన్న వరస లేదు. వియన్నా అయితే లిఫ్ట్ ఉండేది అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది, మా ఆవిడ మొహం చూసి మింగేశా.

బయటికొచ్చి ఫోన్‌లో వేరే దారి వెతికితే ట్రామ్ దొరికింది. 47 ఎక్కి, ఆకుపచ్చ వంతెన దాటి, గెల్లెర్ట్ దగ్గర దిగి, అక్కడ 19 పట్టుకుని బుడా ఒడ్డు వెంబడి పైకి పోవాలి. మెట్రోలో ఐదు నిమిషాల దారికి అరగంట పైనే పట్టింది. ఆ అరగంటలో అమ్మ కిటికీ పక్క సీట్లో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఎలిజబెత్ వంతెన తెల్లగా పోయింది, తర్వాత చెయిన్ బ్రిడ్జ్, దీపాల దండలా. 1849లో కట్టారు, 1945లో యుద్ధంలో జర్మన్లు వెళ్తూ పేల్చేశారు, మళ్ళీ 1949 కల్లా కట్టుకున్నారు అని నేను గైడ్‌లా చెప్పబోతుంటే చేయి ఊపింది, ఉండరా చూడనీ అన్నట్టు. బట్యానీలో దిగితే ఎదురుగా నీళ్ళకి అవతల పార్లమెంట్, పసుపు బంగారం కలిపి పోతపోసినట్టు, కింద నీళ్ళల్లో ఇంకోటి తలకిందులుగా వణుకుతూ. చలికి నా చెవులు పోయాయి. అమ్మ పది నిమిషాలు నిలబడింది, మోకాళ్ళ మాట ఎత్తలేదు.

దాని గుమ్మటం ఎత్తు 96 మీటర్లు, ఊళ్ళోని పెద్ద చర్చి సెయింట్ స్టీఫెన్ బసిలికా కూడా సరిగ్గా 96 మీటర్లే, ఎందుకంటే వీళ్ళ పూర్వీకులు 896లో ఇక్కడికొచ్చారని వాళ్ళ లెక్క, మొదటి మెట్రో కూడా 1896లోనే తెరిచారు అని చెప్తే "అయితే వీళ్ళకీ ఉందన్నమాట అంకెల పిచ్చి, నీలాగే" అంది.

ఆదివారం కొండ మీదికి. బుడా కోట అంటే కొండ కదా అని నేను భయపడింది దండగే, 16 నంబర్ బస్సు డెయాక్ దగ్గరే ఎక్కితే చెయిన్ బ్రిడ్జ్ దాటించి తిన్నగా మథియాస్ చర్చి పక్కన దింపుతుంది. ఫిషర్‌మెన్ బాస్టియన్ నుంచి ఊరంతా కనబడుతుంది, జనం మాత్రం ఫోటోల కోసం ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు, అక్కడ అరగంట కంటే ఉండబుద్ధి కాలేదు. పూరీలా పొంగకుండా చేతి వెడల్పున నూనెలో వేగే లాంగోష్ అని ఒక పిండివంటకం దొరికింది, వెల్లుల్లి నీళ్ళు రాసి ఇస్తారు, అమ్మకి అది తెగ నచ్చింది, తిండి గురించి నేను పెట్టుకున్న దిగులు దానితో పోయింది.

మధ్యాహ్నం పెస్ట్ వైపు ఒడ్డు వెంబడి పోయే 2 నంబర్ ట్రామ్ ఎక్కాం, పార్లమెంట్ దగ్గర దిగి, రోడ్డు దాటి నీటి అంచుకి వెళ్తే అక్కడ ఇనప చెప్పులు. అరవై జతలు, 2005లో పెట్టారు. ఆడవాళ్ళ హీల్స్, మగవాళ్ళ బూట్లు, నాలుకలు బయటికొచ్చి మడమలు అరిగిపోయినట్టు అచ్చం నిజం వాటిలా ఉంటాయి. "ఎవరివిరా ఇవి, ఎందుకు విడిచారు" అని అడిగింది అమ్మ. 1944, 45లో యారో క్రాస్ అనే ఇక్కడి నాజీ పార్టీ వాళ్ళు యూదుల్ని ఈ ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి కాల్చి నదిలోకి తోసేశారు, ఆ చెప్పులకి గుర్తు ఇవి అని చెప్పా. ఒక చిన్నపిల్లల బూటులో ఎవరో చాక్లెట్ పెట్టి వెళ్ళారు, దాని కాగితం తడిసి ఇనప తుప్పు అంటుకుంది. అమ్మ వంగలేదు కదా, అట్లా నిలబడే చూసి, చెప్పులు మాత్రం ఎందుకు విప్పించారు అంది. ఆ రోజుల్లో చెప్పులకి డబ్బులొచ్చేవని చెప్పాలనిపించలేదు.

సోమవారం స్నానాల రోజు. సోమవారమే ఎందుకు పెట్టానంటే, మ్యూజియంలు మూసినా స్నానాలు మూయరు కదా అని, నా ప్లానింగ్ మీద నాకే ముచ్చటేసింది. పొద్దున మా ఆవిడ ఆ ఈత డ్రెస్ తీసి మంచం మీద పరిచింది. అమ్మ దాన్ని చేత్తో తడిమి చూసింది, బట్ట సాగదీసి చూసింది, అట్లాగే నాలుగు మడతలు పెట్టి మళ్ళీ కవర్లో పెట్టేసింది. "ఇది వేసుకుని అంతమందిలో నీళ్ళల్లో దిగనా? మోకాళ్ళు నొప్పెడితే నొప్పెట్టనీ అమ్మాయ్, నువ్వెళ్ళిరా." మా ఆవిడ బతిమాలింది, నేను కోప్పడ్డా, ఏం లాభం లేదు. 3 వెయిట్, పదికి పది మార్కులు వేసిన వరస, అది చూసే కదా బుడాపెస్ట్ అన్నాం.

టికెట్లు ముందే కొన్నాం కాబట్టి మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. మెట్రో 1లో వెళ్ళాం, పసుపుపచ్చ బుల్లి రైలు, రోడ్డు కిందే ఉంటుంది కాబట్టి ఎస్కలేటర్ లేదు, ఓ ఇరవై మెట్లు, రెయిలింగ్ పట్టుకుని అమ్మ మెల్లగా దిగేసింది. తను లోపలికి పోయాక నేనూ అమ్మా పార్కులోంచి నడుచుకుంటూ హీరోస్ స్క్వేర్‌కి వచ్చాం, అమ్మని ఎండలో కూర్చోబెట్టా. చుట్టూ చూస్తే స్క్వేర్ పక్కనే పెద్ద స్తంభాల భవనం, లలితకళల మ్యూజియం. తలుపులు మూసున్నాయి. సోమవారం కదా! వియన్నాలో మూతపడుతుందని భయపడ్డ సోమవారం ఇక్కడ కూడా ఉంటుందని నేను చూసుకోనే లేదు, ఈ ఊరి మ్యూజియంల పేజీ కూడా తెరవలేదు, బుడాపెస్ట్ అంటే నదీ, వేడి నీళ్ళ స్నానాలూ అనుకున్నాం అంతే. ఊరికే లోపల ఏముందో చూద్దామని ఫోన్ తీశా. పీటర్ బ్రూగల్, 1566, సెయింట్ జాన్ ప్రవచనం. ఆ తలుపు వెనకే!

నేను పైకే ఏదో అన్నట్టున్నా, అమ్మ "ఏమైందిరా" అంది. చెప్పా. క్యాలెండర్ బొమ్మ ఆవిడకి గుర్తుంది, "ఆ కుక్కలదా?" అంది. ఆ కుక్కలది కాదమ్మా, ఆయనే వేసింది ఇంకోటి. "రేపు తెరుస్తారా?" "పదింటికి." "మరింకేం, ఫ్లైట్ సాయంత్రం కదా."

రెండు గంటలకి మా ఆవిడ ఎర్రగా కందిపోయిన మొహంతో, తడి జుట్టు మీద టోపీతో బయటికొచ్చి, నీళ్ళల్లోంచి ఆవిర్లు లేస్తుంటే ముసలాయనలు గొంతుదాకా మునిగి చదరంగం ఆడుతున్నారని చెప్తుంటే నాకు కొంచెం కుళ్ళుగానే ఉంది.

మంగళవారం సామాన్లు హోటల్లో పెట్టేసి పదింటికల్లా నేను మ్యూజియం గుమ్మం దగ్గరున్నా. వాళ్ళిద్దరూ రాలేదు, అమ్మకి ఇంకోసారి 2 నంబర్ ట్రామ్ ఎక్కాలట. పాస్ టైం ఇంకా ఉంది, ఎన్నిసార్లెక్కినా వాడు అడగడు.

పటం అనుకున్నంత పెద్దదేం కాదు. అడవిలో జనం, గుంపులు గుంపులుగా, చెట్లెక్కి కూడా కూర్చున్నారు. ప్రవచనం చెప్పే సెయింట్ జాన్ కోసం వెతుక్కోవాలి, ఎక్కడో మధ్యలో, గోధుమరంగు బట్టల్లో, జనంలో కలిసిపోయి చిన్నగా ఉంటాడు. కంటికి ముందు తగిలేవి మన వైపు తిరిగున్న వీపులే. అందరూ అటు చూస్తుంటే ముందు వరసలో నల్లబట్టల ఆసామి ఒకడు మాత్రం ప్రవచనం వదిలేసి, పక్కనున్న మనిషికి అరచెయ్యి చాపి జాతకం చెప్పించుకుంటున్నాడు, చూపు మన వైపు. నాకు నవ్వొచ్చింది. ఎక్సెల్ ముందు కూర్చున్న నా మొహం కూడా అచ్చం అట్లాగే ఉండుంటుంది. నలభై నిమిషాలు ఆ ఒక్కదాని ముందే ఉన్నా, గార్డు రెండుసార్లు వచ్చి చూసెళ్ళాడు. కుక్కలు లేవు గానీ, పర్లేదు.

బయటికొచ్చి ఫోన్ చేస్తే మా ఆవిడ ఎత్తింది, వెనక ట్రామ్ గంట వినబడుతోంది. "ఇది మూడో ట్రిప్పండీ, చివరి స్టాపులో దిగడం, మళ్ళీ ఎక్కడం, అత్తయ్యగారు సీటు మారనివ్వట్లేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "వియన్నాలో కూడా ట్రామ్‌లున్నాయి కదండీ?" అని అడిగింది. ఉన్నాయి, రింగ్ రోడ్డు మీద బోలెడు. నేనేం చెప్పేలోపే వెనక నుంచి అమ్మ గొంతు, "వాణ్ణి పార్లమెంట్ దగ్గర నిలబడమను, మనం అటే వస్తున్నాం."